ఆరు గడుల పేజీ



షాబాను మాసం ప్రవేశించగానే నాచారంలోని మా మద్రసా వరండాకు చీటీలు రావడం మొదలవుతుంది. పారిశ్రామికవాడలో పనిచేసే కార్మికులు, భువనగిరి, జనగామ వైపు నుంచి వరంగల్ రహదారి వెంట వచ్చి ఉప్పల్‌లో స్థిరపడిన కుటుంబాలవారు, చిన్న చిన్న దుకాణాలు నడుపుకొనేవారు తమ వద్ద ఎంత బంగారం ఉందో, బ్యాంకులో ఎంత సొమ్ము ఉందో, ఎవరికి ఎంత బాకీ పడ్డారో చీటీ మీద రాసి తెస్తారు. జకాతు ఎంత అవుతుందో లెక్క కట్టి చెప్పమంటారు. వీరిలో అనేకులు తెలుగు మాత్రమే చదవగలవారు. ఉర్దూలో ఉన్న జకాతు పుస్తకాలు ఇంట్లో ఉన్నా వారికి అక్కరకు రావు.

ఈ చీటీల కట్ట చూసి కొన్నేళ్ళ క్రితం మా పూర్వ విద్యార్థి ఒకడు ఒక వెబ్ పేజీ తయారుచేశాడు. అతని నివాసం ఉప్పల్. రోజూ మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్ళి ఉద్యోగం చేసుకొని వస్తాడు. పేజీలో ఉన్నవి ఆరు గడులు, ఒక బటన్. బంగారం ఎన్ని గ్రాములు, గ్రాము ధర ఎంత. వెండి ఎన్ని గ్రాములు, గ్రాము ధర ఎంత. నగదు, వ్యాపార సరుకు కలిపి ఎంత. తీర్చవలసిన అప్పు ఎంత. ఇవి నింపి బటన్ నొక్కితే జకాతు విధి అయినదీ లేనిదీ, అయితే ఎంత అనేదీ తెలుగులో వస్తుంది. పేరు అడగదు, ఫోన్ నంబరు అడగదు. పేజీ మూసివేస్తే వేసిన అంకెలన్నీ పోతాయి. నిసాబు అంకెలను నేను సరిచూసి ఇచ్చాను. బంగారానికి 87.48 గ్రాములు, వెండికి 612.36 గ్రాములు, వసూలు నూటికి రెండున్నర.

గ్రాము ధర గడి మొదట ఖాళీగా ఉండేది. బంగారు దుకాణానికి ఫోన్ చేసో, ఉదయం పత్రికలో చూసో 22 క్యారెట్ల ధర కనుక్కొని వేయవలసి వచ్చేది. “ఇంత శ్రమ దేనికి బాబూ, ధర దానంతట అదే పడేలా చేయరాదా?” అని అడిగినవాణ్ణి నేనే. ఈ సంగతి దాచిపెట్టి ఇతరులకు హితవు చెప్పడం న్యాయం కాదు కనుక ముందే ఒప్పుకుంటున్నాను. రెండో సంవత్సరం అతడు బంగారం ధరలు అందించే ఒక సేవతో పేజీని ముడిపెట్టాడు. ఆ రమజానులో అందరూ సంతోషించారు. నేను నలుగురిలో మెచ్చుకున్నాను కూడా.

మూడో సంవత్సరానికి ఆ సేవ కొత్త ధరలు ఇవ్వడం మానివేసింది. అటునుంచి జవాబు రానప్పుడు చివరిసారి వచ్చిన ధరనే చూపించమని పేజీకి ముందే చెప్పి ఉంది. పేజీ చెప్పినట్టే చేసింది. నిరుటి ధర ఈనాటి ధర వేషంలో గడిలో కూర్చుంది. ఎవరికీ అనుమానం రాలేదు. తానే కనుక్కొని వేసిన అంకెను మనిషి ఒకసారి చూసుకుంటాడు. తనంతట తాను వచ్చి కూర్చున్న అంకెను ఎవరు చూస్తారు?

చూసినది ఒక్కరే. కుట్టుమిషను మీద పిల్లలను పెంచి పెద్దచేసిన ఉప్పల్‌లోని ఒక ఖాలా. ఆమె జకాతు లెక్కలన్నీ ఒక బడి నోటుపుస్తకంలో ఏడాదికి ఒక పుట చొప్పున రాసుకుంటుంది. పండుగ వెళ్ళిన తరువాత ఆ పుస్తకం చంకన పెట్టుకొని వచ్చింది. “మౌల్సాబ్, బంగారం ఇంత పెరిగింది అంత పెరిగింది అంటున్నరు. నా లెక్కల మాత్రం నిరుటి ధరనే పడ్డది, పైసా తేడా లేదు. ఇదేంది?” అని అడిగింది. రెండు పుటలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆమె చెప్పినది అక్షరాలా నిజం.

గ్రాముకు వెయ్యి రూపాయల తేడా ఉందనుకోండి. 100 గ్రాముల నగలు గల ఇంట్లో లెక్క లక్ష రూపాయలు తక్కువ పడుతుంది. జకాతు 2,500 రూపాయలు తగ్గిపోతుంది. ఆ 2,500 ఇచ్చేవారి సొమ్ము కాదు. ఒక పేద ఇంటి హక్కు అది. వీధి చివర ఉన్న ఏ అనాథ పిల్లవాడి బడి రుసుమో, ఏ వితంతువు మందులో అందులో ఉన్నాయి. వారు వచ్చి మనల్ని అడగలేరు, ఎందుకంటే తమకు రావలసినది తగ్గిందని వారికి తెలియనే తెలియదు.

మరుసటి శుక్రవారం మసీదులో ప్రకటించాము. విన్నవారు తిరిగి లెక్క కట్టుకొని తక్కువ పడినది చెల్లించారు. విననివారి సంగతి అల్లాహ్‌కే ఎరుక. పేజీ ఎవరి పేరూ దాచుకోదు కనుక ఎవరెవరు వాడారో కనుక్కొనే దారి లేదు.

ఈ షాబానులో మా విద్యార్థి ఒక జాబితా పట్టుకొని వచ్చాడు. అసర్ నమాజు తరువాత వరండాలో నా ఎదుట కూర్చొని, “హజ్రత్, నిరుడు అందరి నంబర్లూ మన దగ్గర ఉండి ఉంటే ఒక్క సందేశంతో పని అయిపోయేది కదా” అన్నాడు. మాట సబబుగానే ఉంది. అందుకని ఈసారి వాడేవారు నంబరుతో నమోదు కావాలి, పాత సంవత్సరాల లెక్కలు పేజీలోనే భద్రపడాలి, గడువు దగ్గరపడితే గుర్తుచేయాలి. మసీదు పెద్దలు కొందరు కోరినవి మరికొన్ని ఉన్నాయి. బరువు తులాలలో కూడా వేసుకొనే వీలు, కుటుంబం మొత్తానికి ఒకే లెక్క, చివరన ‘ఇప్పుడే చెల్లించండి’ అనే బటన్.

నేను మొదట తులం సంగతి ఎత్తుకున్నాను. చూడడానికి అది అన్నింటికన్నా చిన్న కోరిక. పూర్వపు తులం 11.664 గ్రాములు. ఏడున్నర తులాల బంగారం అంటే 87.48 గ్రాములన్న లెక్క దానిమీద వచ్చినదే. ఈనాడు మన ఊళ్ళలో బంగారు దుకాణంలో తులం అంటే 10 గ్రాములు. ఏడున్నర తులాలని వేస్తే ఒక లెక్కన నిసాబు నిండుతుంది, ఇంకొక లెక్కన 75 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. అత్తగారి నగలు పాత తులం, కోడలి నగలు కొత్త తులం. ఏ తులమో గడికి తెలియదు, నింపే మనిషికీ చాలాసార్లు తెలియదు. గ్రాములే వేయాలని పేజీ పట్టుబట్టడం వల్ల ఇప్పుడు నగ త్రాసుమీదికి వెళుతోంది. ఆ ఇబ్బంది తొలగిస్తే తప్పు లెక్క సులభమవుతుంది.

కుటుంబానికి ఒకే లెక్క అన్నది మరీ ప్రమాదకరం. జకాతు ఎవరి సంపద మీద వారికే విధి. భార్య నగలు భార్యవి. భర్త సొమ్ము భర్తది. రెండూ ఒకే గడిలో కలిపితే ఏమవుతుంది? భర్త తెచ్చిన అప్పు భార్య నగల జకాతులోనుంచి తగ్గిపోతుంది. లేదా విడివిడిగా నిసాబు చేరని ఇద్దరి సొమ్ము కలిసి, విధి కాని జకాతు విధిగా కనిపిస్తుంది. మన ఇళ్ళలో స్త్రీల ఆస్తి స్త్రీలదని షరీఅతు నిలిపిన గీతను ఒక చిన్న సౌకర్యం చెరిపివేస్తుంది. దీన్ని కోరిన పెద్దలు ఫిఖ్‌హ్ తెలియనివారేమీ కాదు. పని తేలిక అవుతుందనే తొందరలో గమనించలేదు, అంతే.

ఇక నంబర్లు, పాత లెక్కలు. ఉప్పల్‌లో, నాచారంలో ఏ ఇంట్లో ఎన్ని గ్రాముల బంగారం ఉందో, ఏ ఇంటికి ఎంత అప్పు ఉందో పేరుతో, నంబరుతో సహా ఒకచోట రాసి ఉంచిన పట్టిక అది. దానికి కాపలా ఎవరు? 2020 నవంబరులో అమెరికాలోని మదర్‌బోర్డ్ అనే పత్రిక ఒక వార్త ప్రచురించింది. ప్రపంచమంతటా ముస్లిములు నమాజు వేళల కోసం, ఖిబ్లా దిశ కోసం వాడే ‘ముస్లిం ప్రో’ యాప్ నుంచి, వాడేవారు ఎక్కడ ఉన్నదీ తెలిపే సమాచారం ఎక్స్‌-మోడ్ అనే వ్యాపార సంస్థకు చేరుతోందని, ఆ సంస్థ ఖాతాదారులలో అమెరికా సైన్యానికి పనులు చేసిపెట్టే గుత్తేదారులు ఉన్నారని దాని సారాంశం. వార్త వెలువడగానే యాప్ వారు ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నట్టు ప్రకటించారు. నమాజు వేళ తెలుసుకోవడానికి ఫోన్ తెరిచినవాడు తన జాడ ఎక్కడికి పోతుందని ఊహించి ఉంటాడా? మన పిల్లవాడు నమ్మకస్థుడే. అయితే తన వద్ద లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు, అమ్మలేరు, పొరపాటున పోగొట్టుకోలేరు.

“మరి నిరుటి వంటి పొరపాటు మళ్ళీ జరిగితే హజ్రత్?” అన్నాడు. నంబర్ల అవసరం ఎందుకు వచ్చిందో ఆలోచించమన్నాను. ధర తానే పడే ఏర్పాటు చేశాము, అది చెడింది, చెడినట్టు చెప్పడానికి నంబర్లు కావలసివచ్చాయి. నంబర్లు ఉంచుకుంటే వాటికి తాళం కావాలి, తాళానికి మరొకటి. మొదటి చేర్పును తీసివేస్తే తక్కినవాటి అవసరం చాలావరకు పోతుంది. కాసేపు మౌనంగా ఉండి అతడు అసలు మాట చెప్పాడు. “ఏళ్ళ తరబడి ఏ మార్పూ లేకపోతే పేజీ పాతబడిపోయిందని, పట్టించుకునేవాడు లేడని అనుకుంటారు హజ్రత్.” చేతిపని తెలిసిన మనిషి బాధ అది. ఏదో ఒకటి చేస్తూ ఉంటేనే పని చేస్తున్నట్టు.

దానికి నేను మాటతో జవాబు చెప్పలేదు. అతని ల్యాప్‌టాప్‌లోనే ‘లేఖిని’ తెరవమన్నాను.

ఈ శీర్షిక రాయడానికి నేను ఏళ్ళుగా వాడుతున్నది లేఖినినే. చదువంతా అరబీ, ఉర్దూలలో సాగినవాణ్ణి. తెలుగు చేతితో రాయగలిగినా కంప్యూటరులో రాయడం నాకు అందని విద్యగా ఉండేది. యూనికోడులో 1991 నుంచే తెలుగుకు చోటు ఉన్నా, ఆ తరువాత చాలాకాలం ఒక్కొక్క తెలుగు పత్రికకు ఒక్కొక్క ఖతి. ఆ ఖతి మన కంప్యూటరులో లేకపోతే తెలుగు స్థానంలో పిచ్చిగీతలు కనిపించేవి. అలాంటి పాఠాన్ని యూనికోడులోకి మార్చడానికి వెన్న నాగార్జున గారు ‘పద్మ’ అనే ఉపకరణం తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినవారూ ఆయనే. ఆ పద్మ ఆధారంగా, తెలుగు వెబ్‌లో వీవెన్ అనే పేరుతో అందరికీ తెలిసినవారు 2006లో లేఖినిని రూపొందించారు.

అందులో ఉన్నది ఏమిటి? పైన ఒక పెట్టె, కింద ఒక పెట్టె. పైన ఇంగ్లీషు అక్షరాలతో కొడుతూ పోతే కింద తెలుగు కనిపిస్తుంది. చిన్న ఎన్ కొడితే ‘న’, పెద్ద ఎన్ కొడితే ‘ణ’. చిన్న ఎల్ ‘ల’, పెద్ద ఎల్ ‘ళ’. ఈ పద్ధతి కూడా కొత్తగా కల్పించినది కాదు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువారు 1990ల తొలినాళ్ళలో ఏర్పరచిన లిప్యంతరీకరణ పద్ధతి అది. అందుకే దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. నువ్వు ఏం రాయదలచావో అది ఊహించదు. అమ్మ అని కొడితే నిన్నా అమ్మే, ఇవాళా అమ్మే. నా రెండు వేళ్ళు అక్షరాల చోటును నేర్చుకున్నాయి, నేను మరిచినా అవి మరవవు.

ఊహించి పదాలు అందించే ఉపకరణాలు తరువాత ఎన్నో వచ్చాయి. అవి వేగమైనవే, కాదనను. కానీ ‘తఖ్వా’ అని రాయబోతే మరేదో పదం చేతిలో పెడతాయి. మన ధార్మిక పదాలు వాటికి అలవాటు లేదు మరి. నేను కూడా ఒకప్పుడు లేఖినిలో ఆయతుల కోసం అరబీ పెట్టె ఒకటి ఉంటే బాగుండునని కోరుకున్నవాణ్ణే. ఉండి ఉంటే నాకు, నావంటి కొందరికి సౌకర్యం. పాఠం రాసుకునే గృహిణికి, కథ రాసుకునే విద్యార్థికి మాత్రం అర్థం కాని మూడో పెట్టె.

తెలుగును తిరిగి ఇంగ్లీషు అక్షరాలలోకి మార్చే అవసరం కొందరికి వచ్చినప్పుడు దాన్ని ఆ రెండు పెట్టెల మధ్య ఇరికించలేదు. విడిగా మరొకటి పెట్టారు. దానికి పేరు ‘నిఖిలే’. లేఖినిని వెనుకనుంచి చదివితే వచ్చే పేరు. కావలసినవారు అక్కడికి వెళతారు, అక్కరలేనివారికి అది ఉన్నదనే తెలియదు. మా విద్యార్థి ఆ పేరు చూసి నవ్వాడు. తరువాత చాలాసేపు ఆ రెండు పెట్టెలనే చూస్తూ ఉండిపోయాడు.

ఇది మన సంప్రదాయానికి తెలియని పద్ధతేమీ కాదు. తొలినాటి ముస్‌హఫులలో అక్షరాలకు చుక్కలు అరుదు, స్వరచిహ్నాలు లేవు. అరబీ మాతృభాష కానివారు ఇస్లాంలో ప్రవేశించి పఠనంలో తప్పులు దొర్లడం మొదలైన తరువాతనే ఆ చిహ్నాలు వచ్చాయి. అబుల్ అస్వద్ దుఅలీ (రహ్మ) స్వరాలను సూచించే చుక్కలను మూల రాతకు భిన్నమైన రంగు సిరాతో పెట్టించారని మన గ్రంథాలలో ఉంది. అవసరం నిజమైనది కనుక చేర్చారు. అయినా ఏది మూలమో, ఏది తరువాత చేర్చినదో చూడగానే తెలిసేలా చేర్చారు. మూల లిపి జోలికి పోలేదు. దీన్ని వెబ్ పేజీతో పోల్చడం సాహసమే. పోలిక పవిత్రతలో కాదు, జాగ్రత్తలో మాత్రమే.

ఉస్మానీ ప్రభుత్వ కాలంలో 1869 నుంచి 1876 వరకు క్రోడీకరించిన ‘మజల్లా’ అనే హనఫీ న్యాయసంహిత ఆరంభంలో వరుసగా మూడు సూత్రాలు వస్తాయి. ఉన్నది ఉన్న స్థితిలోనే ఉన్నట్టు ఎంచాలన్నది ఐదవది. పూర్వం నుంచి వస్తున్నదాన్ని దాని పూర్వరీతిలోనే వదలాలన్నది ఆరవది. హాని మాత్రం ఎంత పాతదైనా పాతదనే సాకుతో నిలవదన్నది ఏడవది. ఇవి నీటి కాలువలు, దారులు, హక్కుల తగాదాలు తీర్చడానికి చెప్పినవి. కానీ వీటి వరుసలో నాకు ఎంతో వివేకం కనిపిస్తుంది. మార్చాలనేవాడే కారణం చూపాలి, ఉంచాలనేవాడు కాదు. అయితే ఉన్నదానిలో హాని ఉందని తేలితే అలవాటు పేరుతో దాన్ని కాపాడరాదు. మా ధర గడిలో ఉన్నది ఆ ఏడవ సూత్రం కిందికి వచ్చే హాని. దాన్ని తీసివేయవలసిందే. తులాల గడి, కుటుంబం లెక్క కోరినవారు ఇంకా కారణం చూపలేదు.

పేజీని మార్చకుండా ఉంచడం అంటే దాన్ని గాలికి వదిలివేయడం కాదని కూడా అతనికి చెప్పాను. ఏటా చిరునామా రుసుము కట్టాలి. కొత్త ఫోన్లలో తెలుగు సరిగా కనిపిస్తోందో లేదో చూడాలి. షాబాను రాగానే చేతితో కట్టిన మూడు నాలుగు లెక్కలు అందులో వేసి, జవాబులు కలుస్తున్నాయో లేదో సరిచూడాలి. ఎవరికీ కనిపించని, ఎవరూ మెచ్చుకోని పని ఇది. అల్లాహ్‌కు ప్రీతిపాత్రమైన కర్మలు స్వల్పమైనా ఎడతెగక చేసేవేనని దైవప్రవక్త (సఅసం) చెప్పినట్టు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. నిసాబు బరువు మారదు. నూటికి రెండున్నర మారదు. ఏటేటా మారేది ఒక్క ధర. దాన్ని కనుక్కొని వేసే బాధ్యత జకాతు ఇచ్చే మనిషి మీదనే ఉంటే, తన లెక్కను తాను చూసుకుంటాడు.

‘ఇప్పుడే చెల్లించండి’ బటన్ గురించి ఎక్కువ మాట్లాడలేదు. ఎవరికి ఇవ్వాలో వెతుక్కుంటూ బంధువుల ఇళ్ళకు, వీధి చివరకు పోయే కాళ్ళను ఆ బటన్ ఆపివేస్తుందని నా భయం. ఇది నా అభిప్రాయం మాత్రమే. మసీదు పెద్దలతో ఇంకా చర్చ నడుస్తోంది, వారు నాతో పూర్తిగా ఏకీభవించలేదు.

పది రోజుల తరువాత పేజీ తెరిచి చూశాను. గ్రాము ధర గడి మళ్ళీ ఖాళీగా ఉంది. దాని కింద, ఈరోజు 22 క్యారెట్ల ధర మీరే కనుక్కొని వేయండి అని ఒక వాక్యం చేరింది. అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయి. అది నేను అడగలేదు, ఖాలా అడిగిందట. జాబితాలోని తక్కినవి ఏవీ రాలేదు.

నిన్న ఖాలా నోటుపుస్తకంతో వచ్చింది. కొత్త పుటలో తేదీ, దాని పక్కన బంగారు దుకాణంలో అడిగి తెచ్చుకున్న ధర రాసి ఉన్నాయి. మనవరాలి ఫోన్‌లో అంకెలు ఒక్కొక్కటే పైకి చదువుతూ గడులు నింపించింది. వచ్చిన మొత్తాన్ని పుస్తకంలో రాసుకొని, కిందటేటి పుట తిప్పి రెండూ ఒకసారి చూసుకొని, పుస్తకం మూసింది.